ద్వారబంధం మీద రాసే వెళ్ళాం

హార్లోటన్
సెప్టెంబరు 12, 1937

అమ్మమ్మా,

క్షేమంగా చేరాను. టాలివర్ మామ తపాలా పడవలో నన్ను బంగాళాదుంపల బస్తాల మధ్య కూర్చోబెట్టాడు. అందుకే వాంతయినా ఎవరి కంటా పడలేదు.

ముందు ఒక ముఖ్యమైన మాట. ఉత్తరాలు బడికి రాయకు. ఊళ్ళో పోస్టాఫీసుకి రాయి, నా పేరున అట్టేపెడతారు, శనివారం వెళ్ళి తెచ్చుకుంటాను. ఇక్కడ భోజనాల దగ్గర అమ్మాయిలు ఒకళ్ళ ఉత్తరాలు ఒకళ్ళు లాక్కుని పైకి చదువుతారు. అది వాళ్ళకి ఆట. ఇంకోటి, నా ఉత్తరాలు చదివాక పొయ్యిలో వెయ్యి.

నేను నోరు తెరిస్తే చాలు, నవ్వుతారు. నా గదిలో ఉండే విల్మా అయితే నాచేత ఏదో ఒకటి మాట్లాడించి, పక్క గది వాళ్ళని పిలిచి మళ్ళీ అనిపిస్తుంది. కానీ మిస్ ప్రూయిట్‌కి నా మాట తెగ నచ్చేసింది. ఈ బడి పెద్ద ఆవిడే, చరిత్ర చెప్పేదీ ఆవిడే. మన దీవి వాళ్ళ మాట మూడువందల ఏళ్ళ నాటి అసలైన ఇంగ్లీషట, ఎవరి కల్తీ లేకుండా మిగిలిందట. అందుకని నవంబరు నాటకంలో చివరి మాట నాకిచ్చింది.

రోనోక్ దీవి మీద ఇంగ్లీషువాళ్ళు ఊరు కట్టుకుని, తర్వాత కనిపించకుండా పోయారు కదా, అదీ నాటకం. ఈ ఏటికి మూడువందల యాభై ఏళ్ళు. అందరూ వెళ్ళిపోయాక తెల్ల గౌను వేసుకుని నేనొక్కదాన్నే వచ్చి, "నూట పదిహేను మంది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పసిబిడ్డలు. వాళ్ళేమయ్యారో ఎవరికీ తెలియదు" అని చెప్పాలి. అంతే, తెర పడుతుంది.

బడిలో చేరేటప్పుడు ఒక కాగితం నింపించారు. వంశం అన్నచోట ఇంగ్లీషు అని రాశాను. అది అబద్ధమేం కాదు కదా. నువ్వేమీ అనకు. ఇక్కడ రెండేళ్ళు గడిపేస్తే టీచరు కాగితం చేతికొస్తుంది, మన దీవిలోనే పాఠం చెప్పుకోవచ్చు. అది తప్ప నాకింకేమీ అక్కర్లేదు.

ఆవు జాగ్రత్త.

నీ సబ్రా


బక్స్‌టన్, హటరాస్ దీవి
సెప్టెంబరు 24

ఒసే సబ్రా,

ఉత్తరం అందింది. పొయ్యిలో వెయ్యలేదు, పిండి డబ్బాలో దాచాను. మా అమ్మకి చదువు లేదు. నాకు అక్షరాలు వచ్చిన రోజు నించీ ఇంటికొచ్చిన ఏ కాగితాన్నీ కాల్చలేదు, నీకోసం ఇప్పుడు మొదలెట్టను.

అంజూరాలు పండాయి. ఆవు మళ్ళీ దిబ్బ దాటి అవతలికి పోయి పొరుగువాళ్ళ ఆకుకూర మేసొచ్చింది. దాని సిగ్గు అది పడకపోతే నేనెందుకు పడాలి.

అసలు విషయానికొస్తున్నా. వెళ్ళేటప్పుడు నువ్వు ద్వారబంధం మీద వెళ్ళే ఊరి పేరు చెక్కలేదు. పడవ వెళ్ళిపోతోందన్నావు. నా చేతి యోపాన్ ఆకుల టీ తాగకుండా టాలివర్ ఏనాడైనా లంగరెత్తాడా? మీ తాత చేపలవేటకి ఉత్తరానికి వెళ్ళిన ప్రతిసారీ చెక్కాడు, తిరిగొచ్చి దానిమీద గీత కొట్టాడు. మీ అమ్మ నిన్ను కనే రోజున ఇంట్లో ఎవరూ లేకపోతే, ఆ నొప్పుల్లోనే మంత్రసాని ఇంటి పేరు చెక్కి, పైన శిలువ పెట్టి మరీ వెళ్ళింది. ఆ శిలువ చూసే నేను చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. కాగితం పెడితే గాలికి పోతుంది. ఇసుక ముంచుకొచ్చి ఇల్లు మూడుసార్లు జరుపుకున్నాం, మూడుసార్లూ ఆ ద్వారబంధం మాత్రం వెంట తెచ్చుకున్నాం. నువ్వు మర్చిపోయావు. నీ బదులు నేనే చెక్కాను, హార్లోటన్ అని. శిలువ పెట్టలేదు. చదువుకోడానికి వెళ్ళిన పిల్లకి ఆపదేముంది.

ఇక ఆ నాటకం. ఎవరికీ తెలియదా? మీ మిస్ ప్రూయిట్ ఎవరినైనా అడిగిందా? ఆ ఇంగ్లీషువాళ్ళ గవర్నరు తన మనవరాలిని, పుట్టి పది రోజులు కాని పసిగుడ్డుని అక్కడ వదిలి, సామాన్లు తెస్తానని ఓడెక్కి వెళ్ళాడు. వెళ్ళేముందు వాళ్ళతో అన్నాడు, చోటు మారితే ఊరి పేరు చెక్కండి, ఆపదైతే శిలువ పెట్టండి అని. మూడేళ్ళకి తిరిగొచ్చాడు. కోట గుంజ మీద ఇంతింత అక్షరాలతో క్రొయటోన్ అని ఉంది. శిలువ లేదు. క్రొయటోన్ అంటే ఎక్కడే? నేనిప్పుడు కూర్చుని రాస్తున్న ఈ నేల. అక్కడి నించి యాభై మైళ్ళు. ఆయన చదివాడు, సంతోషించాడు, గాలివానకి లంగరు తాడు తెగిందని ఇంటికెళ్ళిపోయాడు. మన దీవిలో గాలివాన వస్తే ఇంకో దుప్పటి కప్పుకుంటాం.

చిరునామా రాసిపెట్టి వెళ్ళినవాళ్ళని తప్పిపోయారనడం ఏమిటే. వాళ్ళు ఇక్కడికొచ్చారు. ముందు నించీ ఈ నేల మీదున్న మనవాళ్ళు చేపలిచ్చారు, ఇళ్ళిచ్చారు, పిల్లనిచ్చారు. నీ నల్లజుట్టు ఒకళ్ళది, బూడిదరంగు కళ్ళు ఒకళ్ళవి. గుంజ మీద చెక్కడం వాళ్ళు తెచ్చిన అలవాటు, యోపాన్ కాచడం మనం నేర్పింది.

నాటకానికి నేనొస్తున్నాను. మా అవ్వ గవ్వలపేరు వేసుకుని ముందు వరసలో కూర్చుంటా. నువ్వు ఎవరికీ తెలియదనగానే లేచి నిలబడి నాకు తెలుసంటా.

అమ్మమ్మ


హార్లోటన్
అక్టోబరు 2

ప్రియమైన అమ్మమ్మకి,

నువ్వు రావద్దు. నీకు పెద్దనీళ్ళ మీద ప్రయాణం పడదు, మోకాళ్ళు నొప్పులు. హాల్లో కుర్చీలు కూడా తక్కువట. పైగా నాటకం చాలా చిన్నది, ఇంత దూరం వచ్చి చూసేంత లేదు.

ఆ కథ ఎవరికీ చెప్పకు, టాలివర్ మామతో కూడా. అతను ఇక్కడి రేవులో అందరితో మాట్లాడతాడు. గవ్వలపేరు పెట్టెలోనే ఉంచు.

గణితంలో మొదటి మార్కు నాదే. అది టాలివర్ మామకి చెప్పొచ్చు.

సబ్రా


బక్స్‌టన్
అక్టోబరు 9

సబ్రాకి,

మీ అమ్మ పుట్టకముందు నించీ నేను పడవలెక్కుతున్నాను. మోకాళ్ళ నొప్పులు టాలివర్‌వి, నావి కావు. వంకలు చెప్పేటప్పుడు మనిషిని చూసి చెప్పాలి.

నాకర్థమైంది. అమ్మమ్మ పాదాలు వెడల్పు, గౌను పాతది, ఒంటికి చేపల వాసన. తెల్ల గౌను పిల్లకి సిగ్గేస్తోంది. వెళ్ళేనాడు ద్వారబంధం మీద ఎందుకు చెక్కలేదో కూడా ఇప్పుడర్థమైంది. వెతికి పట్టుకోకూడదని చెక్కలేదు.

రానులే. కారణం నిజంగా రాసేదాకా నేనూ రాయను.

అంజూరాల మురబ్బా రెండు సీసాలు పంపుతున్నా. అది కోపానికి ముందు చేసింది.

మహాలా ఫారో


హార్లోటన్
అక్టోబరు 17

అమ్మమ్మా,

పేరు పెట్టి సంతకం చేశావు. దానికంటే కొట్టినా బాగుండేది.

నిజం రాస్తాను. దుప్పటి కప్పుకుని రాస్తున్నాను, విల్మా స్నానానికి వెళ్ళింది. దయచేసి ఇదొక్కటీ కాల్చెయ్యి.

ద్వారబంధం మీద చెక్కకపోవడానికి కారణం సిగ్గు కాదు. అంతకుముందు బడి తరఫున ఒకాయన ఇల్లు చూడ్డానికొచ్చాడు గుర్తుందా, నువ్వు మురబ్బా పెట్టావు, ఆయన ద్వారబంధం ముందు నిలబడి ఇదేమిటని అడిగాడు. పిల్లల గీతలన్నాను. మళ్ళీ వస్తాడేమో, కొత్త గీత చూస్తాడేమోనని భయమేసింది.

ఈ రాష్ట్రంలో తెల్లవాళ్ళ బడి వేరు, నల్లవాళ్ళ బడి వేరు, మూలవాసుల బడి వేరు. నీకు తెలుసు. మన దీవిలో ఎవరూ పట్టించుకోరు కాబట్టి తెలిసినా మర్చిపోతాం. ఇక్కడ మర్చిపోరు. నేను పడుకునే మంచం కిందటేడు డెల్లా అనే అమ్మాయిది. ఎవరో బడికి ఉత్తరం రాశారట, వాళ్ళ అమ్మమ్మ మూలవాసి అని. బుధవారం లెక్కల క్లాసులో ఉంది, గురువారం మంచం ఖాళీ. డెల్లా ఎక్కడికెళ్ళిందని విల్మానడిగితే, "ఏమో, ఎవరికీ తెలీదు" అంది. నాటకంలో నేను అప్పజెప్పే మాట. ఆ మంచమంతా వెతికాను అమ్మమ్మా. కోళ్ళు, పట్టెలు, తలవైపు చెక్క వెనక. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. పాపం తనకి మన అలవాటు తెలీదు.

నువ్వు గవ్వలపేరుతో లేచి నిలబడితే నా పనీ అంతే. సిగ్గనుకున్నావు. భయం.

నిన్న రిహార్సల్లో చివరి మాట రాలేదు. మిస్ ప్రూయిట్ మూడుసార్లు అందించింది.

ఒక్కటడుగుతాను. ద్వారబంధం మీద హార్లోటన్ అని చెక్కావుగా. దానిపైన శిలువ పెట్టు.

నీ సబ్రా


హార్లోటన్
నవంబరు 3

అమ్మమ్మా,

నువ్వెక్కడున్నా ఇది నీకే. టాలివర్ మామ చేతికిస్తే ఎలాగోలా చేరుస్తాడు.

ఇరవైనాలుగో తారీకు గాలివానకి దీవి మీద సగం ఇళ్ళు కదిలిపోయాయని విన్నాం. తపాలా పడవ రాలేదు. శనివారం పేపర్లో వరసగా పేర్లు వేశారు. కనిపించకుండా పోయినవారు అని పైన, కింద నాలుగో పేరు నీది. మహాలా ఫారో, డెబ్బై ఒకటి, ఇల్లు ఖాళీగా ఉంది, తలుపు తెరిచి ఉంది. అంతే రాశారు.

నేను ఏడవలేదు. నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. పేపరు పట్టుకుని సరాసరి మిస్ ప్రూయిట్ గదికెళ్ళాను. తీరరక్షణ కేంద్రానికి టెలిఫోను చెయ్యండి, మా ఇంటి ద్వారబంధం చూడమనండి అన్నాను. ఆవిడ నాకు మతిపోయిందనుకుంది. నీళ్ళు పోసి కూర్చోమంది. నేను కూర్చోలేదు. కుడివైపు చెక్క, భుజం ఎత్తున, అన్నిటికంటే కింద ఉన్న పేరు చదవమనండి, పైన శిలువ ఉందో లేదో చూడమనండి అన్నాను.

ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "శిలువా?" అంది. చరిత్ర చెప్పే మనిషి కదా.

"ఆపదైతే శిలువ. లేకపోతే లేదు."

"ఇది మీకెవరు నేర్పారు, సబ్రా?"

"మావాళ్ళు."

"ఏ మావాళ్ళు? గుంజ మీద రాసి వెళ్ళినవాళ్ళా, వాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళారో వాళ్ళా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. రెండు నెలలుగా నోట్లోనే ఉంది కదా, పైకి రావడానికి అర నిమిషం పట్టదు. కానీ ఇంగ్లీషువాళ్ళమే అంటే ఆ ద్వారబంధం కూడా అబద్ధమైపోతుంది. అప్పుడిక దాన్ని ఎవరు చూస్తారు.

"ఇద్దరూ" అన్నాను.

ఆవిడ టెలిఫోను తీసింది. గాలివానకి తీగలు తెగి, సగం మాట వినబడి సగం వినబడలేదు. ఎవరో వెళ్ళి చూస్తామన్నారు. ఇంకా జవాబు లేదు.

వచ్చే గురువారం నా గురించి బడి కమిటీ కూర్చుంటుంది. కూర్చోనీ. అమ్మమ్మా, నువ్వు చెక్కే వెళ్ళుంటావు. నాకు తెలుసు.

సబ్రా


కిన్నకీట్
నవంబరు 6

నా బంగారు సబ్రా,

కనిపించకుండా పోయానట. మన దీవి మీదే, ఇంటికి ఏడు మైళ్ళు. మా చెల్లెలి వంటింట్లో కూర్చుని దాని చేతి చేపల పులుసులో ఉప్పు తక్కువైందని పోట్లాడుతున్నాను, అటు నన్ను పేపర్లో పోగొట్టేశారు.

ఇరవైరెండున నీ ఉత్తరమొచ్చింది. ఆ మర్నాడే ఆకాశం రంగు చూసి, ఆవుని తోలుకుని ఎత్తుగా ఉన్న కిన్నకీట్‌కి బయల్దేరాను. చెక్కే బయల్దేరాను. కిన్నకీట్ అని, శిలువ లేకుండా. తర్వాత సహాయం చెయ్యడానికి పడవల్లో రెండు జట్లొచ్చాయట. నా బావిలో కర్రపెట్టి కలిపారు, వాగులో వల వేశారు, మంచం కిందికి దూరారు. తలుపు తెరిచి ఉందని బెంగపడ్డారట. నీళ్ళు లోపలికొచ్చి బయటికి పోవాలంటే తలుపులు తెరిచే వెళ్ళాలని ఎవరికైనా తెలుస్తుంది కదా. వాళ్ళలో ఒకడు తడిసిన కోటు ఆరేసుకోడానికి ద్వారబంధానికి మేకు కొట్టాడు. నా అక్షరాల మీదే కొట్టాడు. అయినా చదవలేదు.

నిన్న తీరరక్షణ కేంద్రం నించి ఒకతను నవ్వుకుంటూ వచ్చాడు. ఎవరో పిల్ల టెలిఫోనులో ద్వారబంధం చదవమందట. వెళ్ళి చదివాడు, ఇటొచ్చాడు. మూడువందల యాభై ఏళ్ళలో చదివి, ఆ చదివిన చోటికి వచ్చిన మొదటి మనిషి అతనే. రెండు కప్పులు యోపాన్ పోశాను. మీ మిస్ ప్రూయిట్‌కి కబురు చేస్తానన్నాడు.

ఇక నీ భయం సంగతి. సిగ్గనుకున్నాను, తప్పు నాదే. ముసలిదానికి కోపం ముందొస్తుంది. నీ ఉత్తరం మాత్రం కాల్చలేదు. మేం భయపడ్డాం అని కూడా ఎక్కడో రాసుండాలి.

నువ్వడిగిన శిలువ నేను పెట్టలేదు. పెట్టను కూడా. ఊరి పేరు ఒకరి బదులు ఒకరు చెక్కొచ్చు. శిలువ మాత్రం ఆపదలో ఉన్నవాళ్ళే చెక్కుకోవాలి. నీ ఆపదెంతో నాకేం తెలుసు. మా చెల్లెలు అల్లిన మేజోళ్ళ లోపల మీ తాత కత్తి పెట్టి పంపుతున్నా. జాగ్రత్త, పదునుగా ఉంది. ఆపదనుకుంటే నువ్వున్న గది గుమ్మానికి నువ్వే చెక్కు. ఆ శిలువ సంగతి నా చెవిన పడ్డ రోజు ఆవునైనా ఎక్కి వస్తాను.

గవ్వలపేరు కూడా ఆ మేజోళ్ళలోనే ఉంది. వేసుకోమని కాదు. నీ దగ్గర ఉండనీ అని.

నీ అమ్మమ్మ, కనిపిస్తూనే ఉన్నది


తపాలా పడవలో
నవంబరు 22

అమ్మమ్మా,

ఈ ఉత్తరం నాకంటే ముందు చేరదు. ఇద్దరం ఒకే పడవలో వస్తున్నాం. నోటితో చెబితే మధ్యలో అడ్డుపడతావని రాస్తున్నాను. ముందు ఇది చదువు, ఆ తర్వాత నన్ను తిట్టు.

కమిటీ నాకు దారి చూపించింది. గాలివాన వల్ల మనసు చెదిరి కల్పించి చెప్పానని ఒక కాగితం మీద సంతకం చెయ్యాలి. నాటకంలో చివరి మాట రాసినట్టే చెప్పాలి. అప్పుడు ఏమీ జరగనట్టే. రెండేళ్ళు, టీచరు కాగితం, అన్నీ ఉంటాయి. కాగితం నా ముందు పెట్టారు. నాటకం అయ్యాక చేస్తానన్నాను. మంచిపిల్ల అన్నారు.

కత్తి అప్పటికే అందింది. పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను.

శనివారం హాలు నిండిపోయింది. తెల్ల గౌను వేసుకుని ఒక్కదాన్నే వచ్చి నిలబడ్డాను. "నూట పదిహేను మంది" అన్నాను. "మగవాళ్ళు, ఆడవాళ్ళు, పసిబిడ్డలు" అన్నాను. ఆగాను. తెరవెనక నించి మిస్ ప్రూయిట్ అందించింది, వాళ్ళేమయ్యారో. మళ్ళీ అందించింది, ఇంకాస్త గట్టిగా. మూడోసారి ముందు వరస వాళ్ళకి కూడా వినబడింది, ఎవరో నవ్వారు.

అప్పుడన్నాను.

"వాళ్ళు క్రొయటోన్ వెళ్ళారు. గుంజ మీద రాసే వెళ్ళారు. శిలువ పెట్టలేదు, ఎందుకంటే వాళ్ళకి అక్కడ మావాళ్ళు అన్నం పెట్టారు. ఎవరూ తప్పిపోలేదు. ఎవరూ వెతకడానికి రాలేదు. మా అమ్మమ్మ ఇంకా అక్కడే ఉంది. నేను అక్కడి నించే వచ్చాను."

గవ్వలపేరు గౌను లోపల ఉంది. దాన్ని తీసి పైకి వేసుకున్నాను. చప్పట్లు లేవు అమ్మమ్మా. తెర కూడా పడలేదు, ఆ తాడు పట్టుకున్న విల్మా నోరు తెరుచుకుని చూస్తోంది. నేనే నడిచి బయటికొచ్చాను.

పొద్దున్నే పెట్టె సర్దుకోమన్నారు. ఎవరూ కేకలెయ్యలేదు. డెల్లాని కూడా ఇంత మర్యాదగానే పంపించుంటారు.

సర్దడం అయ్యాక కత్తి తీశాను. ఓక్ చెక్క, గట్టిది, గంట పట్టింది. కుడివైపు, భుజం ఎత్తున, హటరాస్ అని. విల్మా మంచం మీద కూర్చుని చూస్తూ, ఇదెందుకని అడిగింది.

"ఎక్కడికెళ్ళానని ఎవరైనా అడిగితే ఎవరికీ తెలీదు అంటావని."

తను తల దించుకుంది. డెల్లా పెంబ్రోక్ అనే ఊరి నించి వచ్చిందని నెమ్మదిగా అంది. దాని పెట్టె మీద ఆ పేరు చూశానంది. ఇంతకాలం తెలుసన్నమాట. నా ఊరి పేరు కింద అది కూడా చెక్కాను.

మిస్ ప్రూయిట్ నన్ను సాగనంపడానికొచ్చింది. గుమ్మం పాడు చేశానని తిడుతుందనుకున్నాను. ద్వారబంధం ముందు ఆగి, వేలితో ఒక్కో అక్షరాన్నీ నెమ్మదిగా దిద్దుకుంటూ వెళ్ళింది. చివరికి ఆ వేలు రెండు పేర్ల పైన ఖాళీగా ఉన్న చోట ఆగింది. అక్కడ శిలువకి చోటు వదిలాను. కత్తి పట్టుకుని చాలాసేపు ఆ చోటు చూశాను. టీచరు కాగితం లేదు, రెండేళ్ళు లేవు, ఇక ఏ బడీ నన్ను చేర్చుకోదు. భయం ఇంకా ఉంది. అయినా పెట్టలేదు.

టాలివర్ మామ, మన దిబ్బలు కనిపిస్తున్నాయి లేచి చూడవే అంటున్నాడు. మన ద్వారబంధం మీద హార్లోటన్ అని నువ్వు చెక్కావు. తిరిగొచ్చినవాళ్ళు ఆ పేరు మీద గీత కొట్టాలి కదా, నువ్వు కొట్టకు. కత్తి నా దగ్గరుంది.

వచ్చేశాను,
సబ్రా